కౌంట్ పెంచే డబ్బా

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర మెడికల్ షాపులో కూచుంటా నేను. కొందరు మగోళ్లు షాపులో ఆడోళ్లు ఎవరూ లేకుండా చూసుకుని, ఫోన్‌లో ఫోటో చూపించి "నా, ఇది ఉందా" అని మెల్లిగా అడుగుతారు. చూస్తే వీర్యకణాల సంఖ్య, అదే కౌంట్, పెంచుతాయని అమ్మే డబ్బా, లోపల జింక్, ఫోలిక్ యాసిడ్, కార్నిటిన్, లైకోపీన్ అన్నీ కలిపిన గోలీలు. పిల్లలు కాలేదని భార్యకి అప్పటికే స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ అయిపోయింటాయి, ఈయన మాత్రం ఒక్క వీర్యపరీక్ష కూడా చేయించుకుని ఉండడు.

గోలీల వెనక లాజిక్ లేకపోలేదు. వీర్యకణం పైపొరలో ఉండే కొవ్వు, పాత నూనె ముక్క వాసన కొట్టినట్టు తొందరగా ఆక్సీకరణ అవుతుంది, యాంటీఆక్సిడెంట్ ఇస్తే అది తగ్గుతుంది కదా అని. కాకపోతే 2020లో జామా అనే వైద్య పత్రికలో అమెరికా ట్రయల్ ఒకటి వచ్చింది, 2,370 జంటలు, సగంమంది భర్తలకి ఆరు నెలలు రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, 30 మిల్లీగ్రాముల జింక్, మిగిలిన సగానికి ఉత్తుత్తి గోలీ. బిడ్డ పుట్టింది అసలు గోలీ వాళ్లలో 34 శాతానికి, ఉత్తుత్తి గోలీ వాళ్లలో 35 శాతానికి! కౌంటూ పెరగలేదు, కదలికా పెరగలేదు, పైగా డీఎన్ఏ తెగిన కణాలు కాస్త ఎక్కువే కనిపించినాయి, కడుపునొప్పి వాంతులు అదనం. (జింకూ ఫోలేటూ మన బుడ్డల్లోనే, అదే వేరుశనగల్లోనే, ఉన్నాయి, వాంతులు లేకుండా.)

మరి "నాకు పని చేసింది" అనేవాళ్ల సంగతి? వాళ్లు అబద్ధం చెప్పడంలేదు. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికొచ్చే దారిలో ఇంకో రెండు వారాలు పడతాయి, అంటే ఈరోజు శాంపిల్‌లో ఉన్నవి మూడు నెలల కింద మొదలైనవి. అప్పట్లో గట్టిగా జొరమొచ్చి ఉంటే ఇప్పుడు కౌంట్ పడిపోయి కనపడుతుంది, ఈయన భయపడి డబ్బా కొంటాడు, మూడు నెలలకి కౌంట్ దానంతటదే పెరుగుతుంది, పేరు మాత్రం డబ్బాకి. జొరం లేకున్నా ఒకే మనిషి కౌంట్ ఒక్కో శాంపిల్‌కి ఒక్కో రకంగా వస్తుంది, అందుకే రిపోర్ట్ తేడాగా ఉంటే డాక్టర్లు ఇంకోసారి చేయిస్తారు.

వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వేరికోసీల్ ఉంటేనో, వీర్యకణాలు బయటికొచ్చే నాళం మూసుకుపోయి ఉంటేనో ఎన్ని డబ్బాలు మింగినా అది తెలియదు, చెయ్యి పెట్టి చూసే డాక్టర్ కావాల.

మొన్న ఎండాకాలం ఒక పిల్లోడొచ్చినాడు, టీషర్టు చేతులు పట్టనంత కండలు. రిపోర్టులో కౌంట్ సున్నా, అడిగింది డబ్బా.

"జిమ్ములో ఏమన్నా ఏయించుకుంటాండావా ప్పా?"

"టెస్టోస్టిరాన్ సూది నా, ఎనిమిది నెలల్నుంచి. అది మగోళ్లకి మంచిదే కదా?"

బయటినుంచి ఆ హార్మోన్ పడితే, సరుకు సరిపడా ఉందిలే అనుకుని మెదడు వృషణాలకి పంపే సిగ్నల్ ఆపేస్తుంది, లోపల తయారీ బంద్. సూది ఆపినాక చాలామందికి కౌంట్ తిరిగొస్తుంది గానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. ఇదంతా చెప్పి, డబ్బా లోపల పెట్టేసి, యూరాలజిస్ట్ దగ్గరికి పొమ్మన్నా.

మెట్లు దిగుతా వెనక్కి తిరిగి అడిగినాడు, "సూది ఆపితే కండ పోతాదేమో కదా నా?"