లీడ్ ఎక్కడ పోతోంది? రియల్ ఎస్టేట్ వెబ్‌సైట్ ఎంక్వైరీలపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఏ బిల్డర్ ఆఫీసులోనైనా సోమవారం మీటింగులో లీడ్ల మీద, అంటే పేరు, నంబరు ఇచ్చి వచ్చిన ఎంక్వైరీల మీద ఒకటే పంచాయితీ. ‘ఇన్ని లీడ్లు ఇచ్చాం, ఒక్కటీ క్లోజ్ చేయలేదు’ అని మార్కెటింగ్ వాళ్లు. ‘ఇచ్చినవన్నీ చెత్త’ అని సేల్స్ వాళ్లు. కస్టమర్ వెబ్‌సైట్ ఫారంలో సబ్మిట్ నొక్కినప్పటి నుంచి మన మనిషి మొదటి కాల్ చేసేదాకా మధ్యలో ఏం జరిగిందో మాత్రం ఇద్దరూ చూడరు. డబ్బు పోసి తెచ్చిన ఎంక్వైరీలు చాలావరకు అక్కడే జారిపోతాయి.

అపోహ: పేరు, ఫోన్ నంబరు వస్తే చాలు, మిగతాది కాల్‌లో కనుక్కోవచ్చు

తెల్లాపూర్‌లో 1,850 ఎస్‌ఎఫ్‌టీ, తూర్పు ఫేసింగ్, త్రీ బీహెచ్‌కే పేజీ తెరిచి, ఫొటోలు తిప్పి, ధర చదివి ఒకాయన ఫారం నింపాడు. అరగంటకు టెలీకాలర్ ఫోన్ చేసి ‘సర్, ఏ ప్రాజెక్టు చూస్తున్నారు? బడ్జెట్ ఎంత?’ అని అడుగుతుంది. ఆయన చెప్పాల్సింది అప్పటికే చెప్పేశాడు. మనమే రాసుకోలేదు.

కనిపించే గడులు మూడు చాలు: పేరు, ఫోన్, ఎప్పుడు కాల్ చేయాలి. మిగతాదంతా హిడెన్ ఫీల్డుల్లో, అంటే కస్టమర్‌కు కనిపించకుండా ఫారంతో పాటు వచ్చే గడుల్లో రావాలి. లిస్టింగ్ ఐడీ (సైట్‌లో ఆ ఫ్లాటుకున్న నంబరు), ప్రాజెక్టు పేరు, విస్తీర్ణం, ఫేసింగ్, పేజీ అడ్రస్, యూటీఎం వివరాలు (ఏ యాడ్ నుంచి వచ్చాడో చెప్పే, లింకు చివర తగిలించిన గుర్తులు), గూగుల్ యాడ్ నుంచి వస్తే జీక్లిడ్ (ఆ క్లిక్‌కు గూగుల్ ఇచ్చే గుర్తు), వీటన్నిటితో పాటు ఆ క్షణంలో పేజీలో కనిపించిన ధర. సేల్స్ దగ్గర కొత్త కాస్ట్ షీట్ (ధరల పట్టిక), వెబ్‌సైట్‌లో పాత ధర ఉండటం మామూలే కాబట్టి ఈ చివరిది ముఖ్యం. అడుగుకు 200 రూపాయల తేడా ఉన్నా 1,850 అడుగులకు 3.7 లక్షలు. తేడా ముందే స్క్రీన్ మీద కనిపిస్తే కాలర్ సర్దుకుని మాట్లాడుతుంది. లేకపోతే మొదటి నిమిషంలోనే కస్టమర్‌కు మోసం వాసన తగులుతుంది.

ప్లాటుకు గజాలు, ఫ్లాటుకు అడుగులు. రెండింటినీ ‘సైజు’ అనే ఒకే గడిలో ఉత్త అంకెగా పంపితే 200 గజాల ప్లాటు సీఆర్‌ఎంలో (లీడ్లను నమోదు చేసి వెంటాడే సాఫ్ట్‌వేర్) 200 అడుగుల ఫ్లాటై కూర్చుంటుంది. గజాలా, అడుగులా అన్నది వేరే గడిలో పంపండి.

యాడ్ నొక్కి వచ్చిన మనిషి రెండు మూడు పేజీలు తిరిగేసరికి అడ్రస్ బార్‌లో యూటీఎం ఉండదు. మొదటి పేజీలోనే దాన్ని కుకీలో, అంటే బ్రౌజర్‌లో సైట్ దాచుకునే చిన్న ఫైలులో దాచాలి. అదీ శాశ్వతం కాదు. జావాస్క్రిప్ట్‌తో పెట్టిన కుకీని ఐఫోన్ సఫారీ 7 రోజులకు మించి ఉంచదు. ఇల్లు కొనేవాళ్లు నెలల తరబడి చూస్తారు. అందుకే మొదటి ఫారం రాగానే సోర్స్‌ను సీఆర్‌ఎంలో రాసేసి, తర్వాతి ఎంక్వైరీ దాన్ని చెరపకుండా లాక్ చేయాలి.

అపోహ: థాంక్యూ పేజీ కనిపించిందంటే లీడ్ వచ్చినట్టే

థాంక్యూ పేజీ కస్టమర్ బ్రౌజర్‌లో కనిపిస్తుంది. లీడ్ మీకు చేరిందో లేదో దానికి తెలియదు. చాలా సైట్లలో ఫారం ఈమెయిలుగా వస్తుంది, ‘ఫ్రమ్’లో కస్టమర్ అడ్రసే పెడతారు, రిప్లై కొట్టడానికి వీలని. మీ సర్వర్ ఎవరిదో జీమెయిల్ అడ్రస్ పేరుతో మెయిల్ పంపితే ఎస్‌పీఎఫ్, డీమార్క్ (పంపినవాళ్లు అసలువాళ్లేనా అని చూసే) పరీక్షల్లో తప్పుతుంది. స్పామ్‌లో పడుతుంది, లేదా అసలు రానే రాదు. ‘ఫ్రమ్’లో మీ డొమైన్ అడ్రస్, ‘రిప్లై టు’లో కస్టమర్ అడ్రస్ ఉండాలి. అయినా ఈమెయిలును కాపీగానే చూడాలి, లీడ్‌కు అదొక్కటే ఆధారం కాకూడదు.

సరైన వరస ఇది. వచ్చిన డేటాను వచ్చినట్టే, ఏమీ దిద్దకుండా ముందు డేటాబేస్‌లో రాయాలి. పంపిన సిస్టమ్‌కు ‘అందింది’ అని వెంటనే జవాబివ్వాలి. నంబరు శుభ్రం చేయడం, డూప్లికేట్ చూడటం, సీఆర్‌ఎంలోకి తోయడం, మనిషికి కేటాయించడం ఆ తర్వాత. సీఆర్‌ఎం డౌన్ అయితే లీడ్ క్యూలో ఆగి మళ్లీ ప్రయత్నించాలి. వరస తిరగబడితే సీఆర్‌ఎం పడుకున్న గంటలో వచ్చినవన్నీ గల్లంతే.

ఫేస్‌బుక్ లీడ్ ఫారాలకు ఇంకో మెలిక ఉంది. వెబ్‌హుక్‌లో (లీడ్ పడగానే ఫేస్‌బుక్ మన సర్వర్‌కు పంపే కబురు) లీడ్ ఐడీ మాత్రమే వస్తుంది, పేరూ నంబరూ గ్రాఫ్ ఏపీఐ (ఫేస్‌బుక్ నుంచి డేటా తీసుకునే దారి) నుంచి మనమే తెచ్చుకోవాలి. అందుకు వాడే టోకెన్ (అనుమతి తాళం) ఒక ఉద్యోగి అకౌంటుకు కట్టి ఉంటే, అతను పాస్‌వర్డ్ మార్చిన రోజో, ఉద్యోగం మానేసిన రోజో లీడ్లు ఆగిపోతాయి. యాడ్ నడుస్తూనే ఉంటుంది, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ఏ ఉద్యోగికీ కట్టని సిస్టమ్ యూజర్ టోకెన్ వాడండి. ఫేస్‌బుక్‌లో ఆ లీడ్లు 90 రోజుల వరకే డౌన్‌లోడ్‌కు దొరుకుతాయి కాబట్టి ఆలస్యంగా కనిపెడితే పాతవి దక్కవు. దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది: మన జవాబు ఆలస్యమైతే అదే లీడ్ మళ్లీ వస్తుంది. లీడ్ ఐడీ చూసి రెండోదాన్ని ఆపకపోతే ఒకే మనిషికి ఇద్దరు ఫోన్ చేస్తారు.

రోజూ ఉదయం ప్రతి సోర్స్ నుంచి ఒక టెస్ట్ లీడ్ వేయండి. నిన్న యాడ్ డ్యాష్‌బోర్డు చూపించిన సంఖ్య, డేటాబేస్‌లో పడ్డ సంఖ్య, సీఆర్‌ఎంలో ఉన్న సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. పది నిమిషాల పని. ఏజెన్సీకి వదిలేయకుండా మీ ఆఫీసు మనిషే చేయాలి.

అపోహ: పది అంకెలుంటే సరైన నంబరే

మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, పది అంకెలుంటాయి. ఫారాల్లో ఈ పరీక్ష ఒక్కటే పెడతారు. అమెరికా నంబర్లకూ పది అంకెలే. డాలస్ ఏరియా కోడ్ 972, న్యూజెర్సీలో ఎడిసన్ వైపు 732. అక్కడున్న తెలుగాయన ముందు ప్లస్ 1 పెట్టకుండా నంబరు కొడితే ఫారం దాన్ని ఇండియా మొబైల్ అనుకుని ప్లస్ 91 తగిలిస్తుంది. ఇక్కడెవరికో ఫోన్ వెళ్తుంది, ‘రాంగ్ నంబర్, జంక్’ అని లీడ్ మూసేస్తారు. కోకాపేటలో పెద్ద ఫ్లాటు కొనగలిగే ఎన్‌ఆర్‌ఐని పోగొట్టుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

దేశం కోడ్‌కు వేరే డ్రాప్‌డౌన్ పెట్టి, బ్రౌజర్ ఏ దేశం నుంచి వచ్చిందో దాన్నిబట్టి ముందే ఎంచి ఉంచండి. భద్రపరిచేది ఎప్పుడూ ప్లస్, దేశం కోడ్, నంబరు అనే ఒకే రూపంలో. సున్నాతో మొదలైనవి, మధ్యలో ఖాళీలున్నవి, ప్లస్ 91 రెండుసార్లు పడ్డవి అన్నీ ఆ రూపంలోకి రాకపోతే డూప్లికేట్ పట్టుకోవడం కుదరదు. కస్టమర్ టైమ్‌జోన్ కూడా రికార్డు కావాలి. వేసవిలో మనకు ఉదయం 11 గంటలంటే డాలస్‌లో అర్ధరాత్రి 12:30. మన సాయంత్రం ఏడున్నర వాళ్లకు ఉదయం తొమ్మిది.

ఓటీపీ పెడితే దొంగ నంబర్లు తగ్గుతాయి, నిజమే. కానీ ఎస్ఎంఎస్ ఓటీపీ విదేశీ నంబర్లకు సరిగా చేరదు. ఇక్కడైనా డీఎల్‌టీలో (కంపెనీల ఎస్ఎంఎస్‌లను ముందే నమోదు చేసుకునే టెలికాం వ్యవస్థ) నమోదైన టెంప్లేటుకు ఒక్క మాట తేడా ఉన్నా మెసేజ్ ఆగిపోతుంది. కాబట్టి ఓటీపీ అడగకముందే నంబరు సేవ్ చేయండి. ఓటీపీ కొట్టనివాళ్లు ‘వెరిఫై కాలేదు’ అనే గుర్తుతో వేరే వరసలో ఉండాలి, చెత్తబుట్టలో కాదు.

అపోహ: రౌండ్ రాబిన్ పెడితే అందరికీ న్యాయం

వంతులవారీగా పంచడం ఉద్యోగులకు న్యాయంగా ఉంటుంది. కస్టమర్ సంగతి వేరు. బాచుపల్లి ప్రాజెక్టు ఎంక్వైరీ ఆదిభట్ల ప్లాట్లు అమ్మే మనిషి వంతుకు వస్తే, అతను ‘కనుక్కుని చెప్తా సర్’ అంటాడు. ముందు ప్రాజెక్టు, ఆ తర్వాత భాష, ఆ తర్వాత ఇప్పుడు డ్యూటీలో ఉన్నదెవరు అని వడకట్టి, మిగిలినవాళ్లలో వంతులు వేయాలి. గచ్చిబౌలి, నల్లగండ్ల వైపు హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు గణనీయంగా ఉంటారు. ఘట్‌కేసర్, షాద్‌నగర్ ప్లాట్లకు తెలుగు రాని కాలర్‌ను పెట్టడం దండగ.

ఏరియా పేర్లు చేత్తో టైపు చేయనిస్తే రూటింగ్ తప్పడం ఖాయం. కొత్తపేట ఎల్బీనగర్ దగ్గర, కోకాపేట పడమట. ఇంగ్లీషులో రెండింటికీ ఒక అక్షరం అటూఇటూ. తెల్లాపూర్, బాచుపల్లి, కొంపల్లి స్పెల్లింగులు తలా ఒక రకంగా రాస్తారు. ఏరియా పేరును లిస్టింగ్ ఐడీ నుంచే తీసుకోవాలి. పోర్టళ్ల నుంచి వచ్చే పేర్లకు ఒక మార్పిడి పట్టిక పెట్టుకుని, అందులో లేని పేరు వస్తే ఊహించకుండా టీమ్ లీడ్ దగ్గర ఆగేలా చేయండి.

అసలు చిక్కు ఆదివారం. ఎంక్వైరీలూ ఆ రోజే, సైట్ విజిట్లూ ఆ రోజే. ఎగ్జిక్యూటివ్ కస్టమర్‌ను మోడల్ ఫ్లాట్‌లో తిప్పుతుంటే అతని ఫోన్లో కొత్త లీడ్లు పేరుకుపోతాయి. కాబట్టి లీడ్‌ను ఇచ్చి వదిలేయకూడదు, ‘తీసుకున్నాను’ అని నొక్కించాలి. 10 నిమిషాల్లో నొక్కకపోతే తర్వాతి మనిషికి, అక్కడా కదలకపోతే టీమ్ లీడ్‌కు. ఒక్కొక్కరి చేతిలో ఇంకా కాల్ చేయని లీడ్లు 15 దాటితే కొత్తవి ఆపాలి. వారాంతంలో సైట్‌కు వెళ్లని ఇద్దరు ప్రీ సేల్స్ (మొదటి కాల్ చేసే) మనుషులను కూర్చోబెడితే ఈ నియమాలన్నిటికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

అపోహ: ఐదు నిమిషాల్లో కాల్ చేస్తే సగం పని అయిపోయినట్టే

వేగం అవసరమే. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన అమెరికా అధ్యయనంలో, గంటలోపు సంప్రదించిన కంపెనీలు అది దాటినవాటికంటే దాదాపు 7 రెట్లు ఎక్కువగా లీడ్‌ను నిజంగా కొనేదేనా అని తేల్చుకోగలిగాయి. కానీ ఒక్కసారి చేసి ‘ఆర్‌ఎన్‌ఆర్’ (రింగ్ అయింది, ఎత్తలేదు) అని రాసేయడం వల్ల ఆ వేగమంతా వృథా. మొదటి కాల్ ఎత్తకపోతే వెంటనే ఒక వాట్సాప్ మెసేజ్, అందులో వాళ్లు చూసిన ఫ్లాటు వివరమే ఉండాలి. రెండో కాల్ అదే రోజు వేరే పూట. ఐటీ ఉద్యోగులు మధ్యాహ్నం ఎత్తరు, రాత్రి ఏడు తర్వాత ఎత్తుతారు.

అపోహ: డూప్లికేట్ లీడ్లు చెత్త, తీసేయాలి

ఒకే నంబరు రెండోసారి వచ్చిందంటే ఆ మనిషికి ఆసక్తి పెరిగిందని. తీసేయకుండా పాత రికార్డు కిందే కొత్త ఎంక్వైరీగా చేర్చి, ఆ లీడ్ చూస్తున్న ఎగ్జిక్యూటివ్‌కు అప్పటికప్పుడు తెలిసేలా చేయాలి. మూలపడ్డ లీడ్ అయితే మళ్లీ తెరవాలి.

అసలు గొడవ చానల్ పార్ట్‌నర్ల (కమీషన్ మీద కస్టమర్లను తెచ్చే బయటి ఏజెంట్లు) దగ్గర మొదలవుతుంది. కస్టమర్ మార్చిలో మీ వెబ్‌సైట్‌లో ఫారం నింపాడు. మేలో ఒక ఏజెంటు అదే మనిషిని సైట్‌కు తెచ్చాడు. కమీషన్ ఎవరికి? ట్యాగింగ్ (కస్టమర్ ఎవరి పేరున నమోదైందో ఆ హక్కు) ఎన్ని రోజులు నిలుస్తుంది, 30 రోజులా, 60 రోజులా, గడువు ఫారం తేదీ నుంచా, సైట్ విజిట్ నుంచా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి, సీఆర్‌ఎం కూడా అదే లెక్క కట్టాలి. ఏజెంటు నంబరు నమోదు చేయగానే ‘ముందే ఉంది’ లేదా ‘మీ పేరున ఉంది, ఫలానా తేదీ వరకు’ అని జవాబు వెళ్తే సగం తగాదాలు పుట్టవు. భర్త నంబరుతో వెబ్‌సైట్ ఫారం, భార్య నంబరుతో ఏజెంటు ట్యాగింగ్ అనేది రోజూ ఉండేదే. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. సైట్ విజిట్ ఫారంలో కుటుంబం నంబర్లు రెండూ రాయించుకోండి.

అపోహ: ‘ఇప్పుడు కాదు’ అంటే నాట్ ఇంట్రెస్టెడ్

ఆషాఢంలో, మూఢంలో, పితృపక్షాల్లో ఎంక్వైరీలు వస్తూనే ఉంటాయి. చూస్తారు, అడ్వాన్స్ మాత్రం ఇవ్వరు. ‘శ్రావణంలో చూద్దామండీ’ అన్న మనిషిని లాస్ట్ లీడ్‌గా మూసేస్తే శ్రావణం మొదటి వారంలో ఆయన ఇంకో బిల్డర్ దగ్గర బుక్ చేస్తాడు. ఇలాంటివాళ్లకు వేరే స్టేటస్, ఫాలోఅప్ తేదీ తప్పనిసరి గడి. పంచాంగం చూసి ఆ తేదీలు సీఆర్‌ఎంలో ముందే వేసుకున్న టీములు బాగుపడ్డాయి.

అపోహ: వాట్సాప్ బటన్ ఉంటే ఫారం అక్కర్లేదు

బటన్ మంచిదే, కానీ అది ఎగ్జిక్యూటివ్ సొంత నంబరుకు వెళ్తే అతనితోపాటే లీడ్లూ వెళ్లిపోతాయి. కంపెనీ నంబరు మీద వాట్సాప్ బిజినెస్ ఏపీఐ (కంపెనీ సిస్టమ్‌కు వాట్సాప్‌ను కలిపే దారి) పెట్టి, ముందే నింపిన మెసేజ్‌లో లిస్టింగ్ ఐడీ ఉండేలా చూడండి. కస్టమర్ చివరి మెసేజ్ నుంచి 24 గంటలు దాటితే వాట్సాప్ ఆమోదం పొందిన టెంప్లేటు తప్ప ఏదీ పంపలేరు.

అపోహ: నంబరు ఇచ్చాడంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే

2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం సమ్మతి ఫలానా పనికి అని స్పష్టంగా ఉండాలి. ముందే టిక్ పెట్టిన బాక్సు చెల్లదు. నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. 2025 నవంబరులో నియమాలు నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఒక ప్రాజెక్టుకు వచ్చిన నంబర్లను ఇంకొకరికి ఎక్సెల్‌లో అమ్ముకునే అలవాటు మానుకోవడానికి అంతవరకు ఆగక్కర్లేదు. ప్రీ లాంచ్ పేరుతో, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ‘ఆసక్తి తెలపండి’ అని లీడ్లు సేకరించే పేజీ కూడా ప్రకటనే. 2016 రెరా చట్టం 3వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు, జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు ఉండొచ్చు.

అపోహ: లీడ్ ఎంత చవకైతే అంత మంచిది

గూగుల్‌కు ఫారం నింపడమే విజయమని చెబితే, ఫారాలు నింపే అలవాటున్నవాళ్లనే వెతికి తెస్తుంది. దాని తప్పేం లేదు, అడిగిందే ఇచ్చింది. సీఆర్‌ఎంలో ‘సైట్ విజిట్ అయింది’ అని పడగానే దాచుకున్న జీక్లిడ్‌తో ఆ సమాచారం వెనక్కి పంపాలి. బుకింగ్ దాకా ఆగితే కుదరదు: క్లిక్ అయిన 90 రోజుల తర్వాత పంపిన కన్వర్షన్‌ను (మనం విజయంగా లెక్కేసే పని) గూగుల్ లెక్కలోకి తీసుకోదు, ఇక్కడ ఫ్లాటు బుకింగ్ తేలికగా అంతకు మించి పడుతుంది. అందుకే సైట్ విజిట్‌కు ఒక విలువ, బ్యాంకు లోన్ ఎలిజిబిలిటీ చూపించినవాళ్లకు అంతకంటే పెద్ద విలువ వేసి, రోజుకోసారి అప్‌లోడ్ చేయండి.