చింతపండు ధర: మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి ఒడిశాలోని గుణుపురం నుంచి తాతయ్య ఆశీస్సులు.

మార్చిలో మీ అమ్మ ఇక్కడి సంతలో కొని తీసుకువెళ్లిన చింతపండే ఆగస్టులో మీ వీధి కొట్లో అంత ప్రియం ఎందుకయిందని అడిగారు. జవాబు నా ఒక్కడివల్ల కాదనిపించి, తెలిసినవారిని అడగడానికి బయలుదేరాను. అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా వీధి మాస్టారు వార్తాపత్రిక అంచు మీద కత్తెరలాగా రెండు గీతలు గీసి, ఒకటి గిరాకీ, ఇంకొకటి సరఫరా అన్నారు. ఇల్లు చేరేసరికి ఏ గీత ఏదో మరచిపోయాను. అందుచేత నాకు బాగా తెలిసిన చెరువు సంగతి చెబుతాను.

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో కొండల మీది చెట్లన్నీ దాదాపు ఒకేసారి కాపుకు వస్తాయి. ఆ కొండల్లో ఉండే సవర గిరిజనులు దించే చింతపండు వానాకాలపు వరదలాగా సంతను ముంచెత్తుతుంది. అలుగు పారుతున్న చెరువులో కడవెడు నీటికి ఎవరు విలువ ఇస్తారు? కాని మన చారుకీ పులుసుకీ కావలసింది ఏడాది పొడవునా తూములోంచి పారినట్టు పోతూనే ఉంటుంది కనుక, శ్రావణం నాటికి మట్టం తగ్గి ధర లేస్తుంది. గట్టు ఉన్నవాడే నీరు నిలుపుకోగలడు. ఇక్కడ గట్టు అంటే శీతల గిడ్డంగి. మామూలు గదిలో ఉంచిన పండు నల్లబడుతుంది, వానల్లో చెమ్మ పట్టి పురుగు పడుతుంది. గిడ్డంగి అద్దె, లారీ కిరాయి, పెట్టుబడి మీద వడ్డీ, పిక్క తీసిన కూలి, తరుగు, అన్నీ ఆ ధరలోనే ఉన్నాయని కిరాణా కొట్టు శెట్టిగారు వేళ్లు మడిచి లెక్క చెప్పారు. ఆ చెరువులో కప్పలెవరో కూడా చెప్పబోతే మీ అమ్మమ్మ ఇక చాలించమంది.

నా చిన్నతనంలో ఒకసారి మా నాన్నగారితో సంతకు వెళ్లాను. ఒక సవర పెద్దాయన పొద్దుటినుంచి కావడి దించుకొని కూర్చున్నాడు. బద్ద ఒరుసుకొని భుజం కాయ కట్టి ఉంది. నాన్నగారు రెండుసార్లు బేరమాడి వెనక్కి వచ్చేశారు. ఎండ వాలాక మూడోసారి వెళితే, ఆయన మారు మాట లేకుండా మధ్యాహ్నం కాదన్న ధరకే ఇచ్చేశాడు. చీకటి పడేలోగా కొండ ఎక్కాలి కదా. ఆ డబ్బుతోనే పక్కన ఉప్పు కొన్నాడు. ఉప్పు వర్తకుడు ఒక్క కానీ కూడా తగ్గించలేదు, ఎందుకంటే ఆ వర్తకుడి ఇల్లు సంత వెనుకే. నాన్నగారు దారి పొడవునా చవకగా వచ్చిందని సంతోషించారు. నాకెందుకో ఆ రాత్రి పులుసు రుచించలేదు.

2013-14 నుంచి కేంద్ర ప్రభుత్వం చింతపండు వంటి అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర ప్రకటిస్తోంది. అది మంచిదే, కాని ఆ ధరకు కొనే మనిషి బుట్ట ఎదుట నిలబడినప్పుడే అది ధర అవుతుంది. మొన్న సంతలో ఒక ముసలమ్మను, శ్రావణందాకా ఎందుకు దాచుకోవని అడిగాను. ఒడియాలో తెలుగు కలిపి ఆమె చెప్పింది: “మా కప్పు కారుతుంది బాబూ, ఎక్కడ దాచను?” మాస్టారి గీతల్లో ఈ కప్పు ఎక్కడుందో ఈసారి ఆయన్ని అడగాలి.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు మిమ్మల్ని సంతకు తీసుకువెళతాను. ఒకే బుట్ట ధర పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు కొండ చాటుకు దిగబోయే వేళ ఇంకొకసారి అడగండి. బేరమాడవద్దు. మూడోసారి ధర చెప్పేముందు ఆ బుట్ట అమ్మే ఆమె ఎటువైపు చూస్తుందో గమనించండి.

మీ తాతయ్య