మేస్త్రీ గారి చేతులు

మన వీధి పిల్లలకు,

ఆశీస్సులు.

మొన్న ఆదివారం సాయంత్రం మలుపు దగ్గర కడుతున్న కొత్త ఇంటి ముందు మీరంతా ఆడుకుంటూ ఉంటే, తాపీ మేస్త్రీ గారు తన కోసం తెచ్చుకున్న తాటిముంజల్లో మీకు కూడా తలా ఒకటి ఇవ్వబోయారు. ఇద్దరు తీసుకున్నారు. మూడో చెయ్యి ముందుకు వచ్చి, ఆయన అరచేతిలోని పగుళ్లను, మణికట్టు మీద పొట్టు లేచిన ఎర్రటి మచ్చలను చూసి వెనక్కి వెళ్లిపోయింది. "అమ్మో, అంటుకుంటుంది" అని ఎవరో మెల్లగా అన్న మాట అరుగు మీద కూర్చున్న నాకు వినబడింది. ఆయనకూ వినబడే ఉంటుంది. అప్పటికప్పుడు నేను పాఠం మొదలుపెడితే ఆయన ఇంకా చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా చర్మవ్యాధుల వైద్యం చేసినదాన్ని కాబట్టి, ఆ చేతుల సంగతి మీకు సరిగ్గా చెప్పడం నా బాధ్యత అనుకొని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ భయానికి జవాబు చెబుతాను. అది అంటుకునే జబ్బు కాదు. ఆయన చేత్తో ఇచ్చిన ముంజ తిన్నా, ఆయన చెయ్యి పట్టుకొని నడిచినా మీకేమీ కాదు. చర్మం మీద ఎర్రగా, దురదగా ఏది కనబడినా మనవాళ్లు తామర అనో, గజ్జి అనో పేరు పెట్టేస్తారు. తామర శిలీంధ్రం వల్ల, గజ్జి కంటికి ఆనని చిన్న పురుగు వల్ల వస్తాయి. ఆ రెండూ నిజంగానే ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. మేస్త్రీ గారి చేతుల్లో అలాంటి జీవి ఏదీ లేదు. వాటిని అలా చేసింది ఆయన రోజూ కలిపే, ఎత్తే, పూసే సిమెంటు.

"సిమెంటు చేతులు తినేస్తుందమ్మా" అంటారు తాపీ పనివాళ్లు, అది అక్షరాలా నిజం. సున్నపురాయిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి, కొద్దిగా జిప్సం చేర్చి పొడి కొడితే సిమెంటు అవుతుంది. బస్తాలో ఉన్నంతసేపూ సాధువుగానే కనిపిస్తుంది, నీళ్లు తగిలాక దాని సున్నపు గుణం బయటపడుతుంది. మీ సైన్సు పుస్తకంలో పీహెచ్ కొలత చదివే ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర 5 దగ్గర, అంటే కొంచెం పులుపు వైపు ఉంటుంది. తడి సిమెంటు 12కూ 13కూ మధ్య, అంటే గట్టి క్షారం వైపు ఉంటుంది. ఆ కొలతలో ఒక్కొక్క అంకెకు పదింతల తేడా కాబట్టి ఇక్కడ తేడా కోటి రెట్లకు తక్కువ కాదు. చర్మాన్ని కాపాడే నూనెపొరను ఆ క్షారం కరిగించేస్తుంది, ఇసుక గరుకు పైనుంచి ఒరుస్తుంది, ఎండ ఆరబెడుతుంది. పగుళ్లు అలా పుడతాయి. ఇంకా ప్రమాదం ఏమిటంటే, తడి సిమెంటు వల్ల చర్మం కాలుతున్నా మొదట్లో నొప్పి తెలియదు. మోకాళ్ల మీద కూర్చొని స్లాబు చదును చేసిన మనిషికీ, బూటులోకి మాలు జారినా పని మధ్యలో ఆపలేక అలాగే కొనసాగించిన మనిషికీ ఏ సాయంత్రానికో మంట మొదలై, చూసుకొనేసరికి చర్మం ఊడి వస్తుంది. నిప్పు ముట్టుకుంటే చెయ్యి వెంటనే వెనక్కి లాక్కుంటాం, సిమెంటు ఆ అవకాశం ఇవ్వదు.

ఇది కాక, సిమెంటులో కంటికి కనబడని రెండో శత్రువు ఒకటి ఉంది. దాన్ని గుర్తించడంలో నేను చేసిన తప్పు మీకు చెప్పాలి. నేను వైద్యం మొదలుపెట్టిన కొత్తలో ఒక తాపీ పనివాడు చేతి దురదతో నా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ పూతమందు రాసి పంపాను. తగ్గేది, పనికి వెళ్లగానే తిరగబెట్టేది. నాలుగోసారి మా పెద్ద డాక్టరు గారు ఆయన్ని చూసి మొదట అడిగిన మాట, "నువ్వేం పని చేస్తావు?" నేను ఆ మాట ఒక్కసారీ అడగలేదు. పేరు, వయసు, ఎన్నాళ్ల నుంచి అన్నీ రాసుకున్నాను, ఆ చేతులు పగలంతా ఏం చేస్తాయో రాసుకోలేదు.

ఆ ప్రశ్నకు చాలా పెద్ద చరిత్ర ఉందని ఆ తర్వాత చదివాను. ఇటలీకి చెందిన బెర్నార్దినో రామజ్జినీ అనే వైద్యుడు 1700లో చేతివృత్తులవారి జబ్బుల గురించి ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. పూర్వ వైద్యులు రోగిని అడగమన్న ప్రశ్నలకు తోడుగా, చేసే పని ఏమిటని కూడా అడగాలని ఆయన అందులో చెప్పాడు. కుమ్మరులు, రజకులు, గని కార్మికులు, దాదులు, ఎవరినీ వదలకుండా వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి చూసి రాశాడు.

మా పెద్ద డాక్టరు గారు, ఏ పదార్థం చర్మానికి పడదో తేల్చే పరీక్ష ఆ తాపీ పనివాడి వీపు మీద పెట్టించారు. జర్మన్ వైద్యుడు యోజెఫ్ యాడాసోన్ 1895లో లోకానికి చూపించిన పద్ధతి అది. చిన్న చిన్న అల్యూమినియం మూతల్లో ఒక్కొక్క పదార్థం చుక్కంత ఉంచి, వరుసగా వీపు మీద అంటించి పట్టీ వేస్తారు. రెండు రోజులు స్నానం చేయకుండా, చెమట పట్టకుండా ఉండాలి, అంటే ఆ మనిషికి రెండు రోజుల కూలి పోతుంది. పట్టీ విప్పినరోజు ఒకసారి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఆగి మరోసారి చూస్తారు. ఆయన వీపు మీద అన్ని చోట్లా చర్మం మామూలుగానే ఉంది. క్రోమియం ఉండే పొటాషియం డైక్రోమేటు పెట్టిన ఒక్కచోట మాత్రం పావలా బిళ్లంత మేర ఎర్రగా ఉబ్బి, పైన సన్నటి నీటి పొక్కులు లేచాయి. నలభై ఏళ్లు దాటినా ఆ ఎర్రటి గుండ్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అంటే ఆయన చర్మానికి క్రోమియం పడదు. సిమెంటు ముడిసరుకుల్లో సహజంగానే కొద్దిగా క్రోమియం ఉంటుంది. బట్టీ వేడికి అది ఆరు వేలెన్సీల క్రోమియం అనే రూపంలోకి మారుతుంది. ఆ రూపం నీళ్లలో తేలిగ్గా కరిగి, పగిలిన చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. మొదటి రోజు ఏమీ కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక ఒంట్లోని రక్షక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి; ఆ గుర్తు ఇక చెరిగిపోవడమంటూ ఉండదు, రవ్వంత తగిలినా దురద, వాపు, పొక్కులు వస్తాయి. చాలా తోళ్లను క్రోమియం లవణాలతోనే పదును చేస్తారు కాబట్టి, అలాంటి మనిషికి కొన్ని తోలు చెప్పులు కూడా పడవు. చేతులు బాగాలేవని దయతలచి ఎవరైనా తోలు గ్లోవ్స్ కొనిస్తే, అవే ఆ చేతులకు ఇంకో బాధ తెచ్చిపెట్టవచ్చు.

ఇప్పుడు మీ వయసు పిల్లల గురించి ఒక సంగతి చెబుతాను. లండన్‌లో ఒకప్పుడు ఇళ్ల పొగగొట్టాలు శుభ్రం చేయడానికి ఐదారేళ్ల పిల్లలను లోపలికి ఎక్కించేవారు. సన్నటి గొట్టంలో పెద్దవాళ్లు పట్టరు కదా! ఆ పిల్లలు మసి అంటిన బట్టలతోనే పడుకునేవారు, స్నానానికి నోచుకునేవారు కాదు. పెద్దయ్యాక వాళ్లలో కొందరికి వృషణాల సంచి చర్మం మీద పుండు లేచి, అది కేన్సరుగా ముదిరేది. చర్మపు ముడతల్లో ఇరుక్కున్న మసే దానికి కారణమని 1775లో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు రాశాడు. ఒక పనిలో తగిలే పదార్థానికీ కేన్సరుకూ సంబంధం ఉందని తొలిసారి పట్టుకున్నది ఆయనే అంటారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా గడిచాక, 1892లో, ఇంగ్లండులో కనబడినంతగా ఆ జబ్బు మిగతా యూరప్ దేశాలలో ఎందుకు కనబడటం లేదని హెన్రీ బట్లిన్ అనే మరో వైద్యుడు ఆరా తీశాడు. అక్కడివాళ్లు ఒళ్లంతా కప్పే బిగుతైన దుస్తులు వేసుకుని పనిచేసేవారు, పని అయ్యాక రోజూ ఒళ్లు కడుక్కునేవారు. అంత చిన్న తేడాతో ప్రాణాలు నిలిచాయి. మసి సంగతి తెలిసిన తర్వాత కూడా పిల్లలను గొట్టాల్లోకి పంపడం ఆగడానికి ఇంగ్లండులో నూరేళ్లు పట్టిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సిమెంటు విషయంలో డెన్మార్క్ అంతకంటే మంచి పని చేసింది. పనివాడిని జాగ్రత్తగా ఉండమని చెప్పి వదిలెయ్యకుండా బస్తాలోని సరుకునే మార్చింది. 1981 నుంచి అక్కడ సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలపడం మొదలుపెట్టారు, 1983లో దానికి చట్టం చేశారు. ఫెర్రస్ సల్ఫేటు అంటే మన అన్నభేదే. పైరు పాలిపోతే రైతులు నీళ్లలో కలిపి పిచికారీ చేసే ఆకుపచ్చటి స్ఫటికాలు అవే, బడిలో మీకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో వాడే ఇనుప లవణాల్లో అదీ ఒకటి. వంద కిలోల సిమెంటుకు అర కిలో కూడా అక్కర్లేదు. కలిపిన అన్నభేది, నీళ్లు పోయగానే ఆరు వేలెన్సీల క్రోమియాన్ని మూడు వేలెన్సీలకు దించుతుంది. ఆ రూపం సరిగా కరగదు, చర్మంలోకి అంత తేలిగ్గా దిగదు. కాంక్రీటు దిమ్మెలు పోసే కార్మికులను 1981లో ఒకసారి, 1987లో ఒకసారి పరీక్షించి చూస్తే క్రోమియం పడక వచ్చే చర్మవాపు బాగా తగ్గిపోయింది. క్షారం వల్ల వచ్చే పగుళ్లు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే అన్నభేది సున్నపు గుణాన్ని మార్చలేదు.

అదే కాలంలో బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య సముద్రం అడుగున సొరంగం తవ్వారు. బ్రిటన్ సిమెంటులో అప్పటికి అన్నభేది కలపలేదు. అక్కడ పనిచేసినవారిలో 332 మందికి పని వల్ల చర్మవాపు వచ్చింది. వీపు పరీక్ష చేయించుకున్నవారిలో సగానికి పైగా క్రోమియం పడనివాళ్లు. పక్క దేశానికి తెలిసిన ఉపాయం ఆ కార్మికుల దాకా రాకపోవడం నన్ను చాలా కాలం బాధించింది. చివరికి 2005 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ ఒకే నియమం వచ్చింది: కిలో సిమెంటులో నీటిలో కరిగే ఆ క్రోమియం 2 మిల్లీగ్రాములు మించకూడదు, అన్నభేది గుణం ఎన్నాళ్లు నిలుస్తుందో బస్తా మీద రాయాలి. మన వీధిలో దించిన బస్తాలను నేను దగ్గరికి వెళ్లి చదివాను. గ్రేడు, తయారైన వారం, ధర ఉన్నాయి. క్రోమియం మాట ఎక్కడా లేదు. మీలో ఎవరైనా పెద్దయ్యాక కెమిస్ట్రీ చదివినా, చట్టాలు రాసే చోట కూర్చున్నా, ఈ విషయం పట్టించుకోవాలని నా కోరిక. 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, వైద్యులు ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో రసాయనాల వల్ల వచ్చే చర్మవాపునూ చేర్చింది. అయితే వీధి మూలన ఇల్లు కట్టే మేస్త్రీ గారికి ఫ్యాక్టరీ లేదు, ఆయన జబ్బును రాసుకునే పుస్తకమూ లేదు.

పని ఏమిటని అడిగితే చర్మం తానే చాలా సంగతులు చెబుతుంది. పచ్చళ్ల తయారీలో పనిచేసే ఒకావిడ ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలు మాత్రమే పగిలి వచ్చాయి. కుడిచేత్తో కత్తి పట్టి, ఆ మూడు ఎడమ వేళ్లతో వెల్లుల్లి రెబ్బ పట్టుకుంటుంది కదా, అక్కడే రసం తగులుతుంది. పొలం గట్టున వయ్యారిభామ మొక్కలు పీకే రైతుకు బట్ట కప్పని మెడ, మొహం, కనురెప్పలు మండుతాయి. అంట్లు తోమి, బట్టలు ఉతికే చేతుల సంగతీ ఇంతే. పనిరోజులో రెండు గంటలకు మించి చేతులు తడిగా ఉంటే అది చర్మానికి ముప్పు తెచ్చే పని అని జర్మనీలో నియమంగా రాసుకున్నారు. మీ ఇంట్లో ఆ రెండు గంటలు ఎవరివో ఒకసారి గమనించండి.

మేస్త్రీ గారి దగ్గరికి వస్తాను. మర్నాడు వెళ్లి మాట్లాడాను. మందుల షాపులో అడిగి కొన్న ట్యూబు ఒకటి జేబులోంచి తీసి చూపించారు. మూడు రకాల మందులు కలిసిన ఆ పూతలో స్టెరాయిడ్ ఉంది. రాసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఇంకా తేలిగ్గా పగులుతుంది. దాన్ని ఆపి, చర్మ వైద్యులకు చూపించుకోమని చీటీ రాసిచ్చాను. బట్ట గ్లోవ్స్ వద్దని చెప్పాను. అవి మాలు నీళ్లు పీల్చుకొని, ఆ క్షారాన్ని గంటల తరబడి చేతికి అదిమి ఉంచుతాయి, దానికంటే ఉత్త చేతులే నయం. లోపల నూలు అస్తరు ఉన్న నైట్రైల్ అనే రబ్బరు గ్లోవ్స్, మోకాళ్లకు రబ్బరు చిప్పలు కావాలి, అవి ఇంటి యజమాని గారితో కొనిపించాను. సాయంత్రం కిరోసినుతోనో బట్టల సోడాతోనో చేతులు రుద్దుకోవడం ఆయనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మామూలు సబ్బు చాలని, కడిగి తుడుచుకున్నాక కొబ్బరినూనో వ్యాజలీనో రాసుకొని పడుకోమని చెబితే, "మా అమ్మా అదే చెప్పేదండీ" అన్నారు.

అక్కడ ఇంకొకటి చూశాను. పనిలో చేతులు కడుక్కోవడానికి వాళ్లకు ఉన్నది ఒక్కటే డ్రమ్ము. పారలు, తాపీలు, గమేళాలు అందులోనే ముంచి కడుగుతారు, మాలు కలపడానికి అందులోంచే తోడుతారు. ఆ నీళ్లు అప్పటికే బూడిదరంగులో, పట్టుకుంటే జారుడుగా ఉన్నాయి. అంటే సిమెంటు పోగొట్టుకోవడానికి మళ్లీ సిమెంటు నీళ్లే వాడుతున్నారన్నమాట.

ఎల్లుండి ఆ ఇంటికి స్లాబు వేస్తున్నారు. మా గేటు పక్క పంపు దగ్గర రెండు బకెట్లు, మగ్గు, సబ్బు, మెత్తటి పాత తువ్వాళ్లు పెడతాను. చేతి మీదో కాలి మీదో మాలు పడినవాళ్లు వెంటనే వచ్చి ఎక్కువ నీళ్లతో కడుక్కోవాలని మేస్త్రీ గారు అందరికీ చెబుతానన్నారు. నీళ్లు మసకబారగానే పారబోసి మళ్లీ మంచినీళ్లు నింపడం మీ పని. మిల్లరు ఉదయం ఆరింటికే వస్తుందట, మీరు అంతకు ముందే రండి.

మీ అమ్మమ్మ