‘స్టడీగానే ఉన్నా సార్’: 30 అనే అంకె వెనక కథ

శుక్రవారం రాత్రి పదకొండు దాటింది. ఫ్లైఓవర్ దిగగానే బారికేడ్లు. డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్ ఎప్పుడూ ఇలాంటి చోటే పెడతారు, ముందుగా చూసి బండి తిప్పుకునే వీలు లేకుండా. మా ఆటో పక్కనే ఆగిన బైకతనికి నలభై ఏళ్లుంటాయి. కానిస్టేబుల్ మిషన్‌కి కొత్త స్ట్రా తగిలించి అతని మూతి దగ్గర పెట్టాడు. “ఊదండి. ఇంకా... ఇంకా... ఆపొద్దు.” బీప్ మంది. 66. మన చట్టం గీసిన గీత 30, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్.

“ఒక్క బీరే సార్. చూడండి, స్టడీగానే ఉన్నా.” అంటూనే బండికి స్టాండ్ వేసి, రోడ్డు మీది తెల్లగీత వెంట నాలుగడుగులు నడిచి చూపించాడు. నిజంగానే తూలలేదు. మాట తడబడలేదు. కానిస్టేబుల్ అటు చూడనైనా లేదు, అంకె రాసుకుంటున్నాడు.

పాపం అతను వాదిస్తున్నది పాత చట్టం ప్రకారం. ఎనభై ఏళ్ల కిందటైతే ఆ నాలుగడుగులే అతన్ని కాపాడేవేమో. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో 117వ సెక్షన్ తాగి నడిపేవాళ్ల గురించే. అందులో మిల్లీగ్రాముల ఊసు లేదు. వాహనాన్ని సరిగా అదుపు చేయలేనంతగా మత్తులో ఉంటేనే నేరం. ఆ మాట మనది కూడా కాదు, బ్రిటన్ వాళ్లు 1930లో చేసుకున్న రోడ్ ట్రాఫిక్ చట్టంలోని మాటే దాదాపుగా ఇక్కడికి దిగుమతైంది. వాళ్ల దగ్గర ఈ కథ ఇంకా పాతది. 1872 నాటి లైసెన్సింగ్ చట్టంలోనే గుర్రం, బండి, పశువులు, ఆవిరి ఇంజను వీటిలో దేన్ని తోలుతూ తాగి ఉన్నా శిక్ష ఉంది. 1897 సెప్టెంబరులో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే ట్యాక్సీ డ్రైవరు తన ఎలక్ట్రిక్ క్యాబ్‌ని ఓ భవనానికి గుద్ది జరిమానా కట్టాడు. తాగి మోటారు బండి నడిపి శిక్షపడ్డ మొదటి మనిషిగా అతని పేరే చెబుతారు. తాగానని అతనే ఒప్పుకున్నాడు కాబట్టి ఆ కేసు తేలిగ్గా తేలిపోయింది.

ఒప్పుకోనివాళ్లతోనే తంటా. ‘అదుపు చేయలేనంత మత్తు’ అని కోర్టులో నిరూపించడం ఎలా? డాక్టరు వచ్చి వాసన వచ్చిందంటాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయంటాడు. అవతలి లాయరు జలుబు చేసిందంటాడు, నిద్ర లేదంటాడు, దగ్గుమందు తాగాడంటాడు. మన సుప్రీంకోర్టే 1971లో బచుభాయి హసనల్లి కర్యానీ కేసులో ఈ సంగతి తేల్చి చెప్పింది. నోటి నుంచి వాసన, నడకలో తూలు, ముద్దమాట, పెద్దవైన కనుపాపలు ఇవన్నీ ఉన్నా, రక్తమో మూత్రమో పరీక్ష చేయకుండా తాగాడని కచ్చితంగా అనలేమంది. అంటే మన సినిమాల్లో తాగుబోతు పాత్రకి పెట్టే లక్షణాలన్నీ కలిపినా కేసు నిలబడదు.

ఈ ఇబ్బందికి మందు అప్పటికే స్వీడన్‌లో దొరికింది. ఎరిక్ విడ్‌మార్క్ అనే శాస్త్రవేత్త 1922లో వేలికొన నుంచి తీసిన కొద్దిపాటి రక్తంతోనే అందులో ఆల్కహాల్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత పదేళ్లకి ఇంకో మేలు చేశాడు. ఎంత తాగితే, ఎంత బరువున్న మనిషి రక్తంలో ఎంత చేరుతుందో లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. ఇవాళ్టికీ ఫోరెన్సిక్ వాళ్లు ఆ లెక్కనే వాడతారు. మనమూ ఓసారి వేసి చూద్దాం, ఆ బైకతని మాట నిజమో కాదో తేలుతుంది.

ఆల్కహాల్ కొవ్వులోకి పెద్దగా ఇంకదు, ఒంట్లో నీరు ఎక్కడుంటే అక్కడికల్లా పాకుతుంది. అందుకే మనిషి బరువు మొత్తం లెక్కలోకి రాదు. మగవాళ్లకి సుమారు 0.68 వంతు, ఆడవాళ్లకి 0.55 వంతు తీసుకుంటారు. 65 కిలోల మగమనిషి అంటే లెక్కకి 44 కిలోలే. ఇక సీసా సంగతి. మన దగ్గర ఎక్కువమంది అడిగేది స్ట్రాంగ్ బీరే. 650 మిల్లీలీటర్ల సీసాలో 7 శాతం వేసుకున్నా 45 మిల్లీలీటర్ల పైన శుద్ధ ఆల్కహాల్. తూకంలో 36 గ్రాములు. ఆ 36 గ్రాముల్ని 44 కిలోల్లో కలిపితే 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 80 మిల్లీగ్రాములు. గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది కాబట్టి, మొదలుపెట్టిన గంటకి 65 దగ్గర ఉంటుంది.

మిషన్ చూపించింది 66. అతను అబద్ధం చెప్పలేదు. ఒక్క బీరే తాగాడు.

‘ఒక్క బీరే కదా’ అనే మాట మన దగ్గర ‘అసలు తాగలేదు’ అన్నంత అమాయకంగా వాడతాం. విస్కీ లెక్కలో చెప్పుకుంటే, 42.8 శాతం ఉండే మన ఇక్కడి సరుకు 60 మిల్లీలీటర్ల పెగ్గులో, అంటే ఒక లార్జులో, 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. స్ట్రాంగ్ బీరు ఒకటంటే దాదాపు రెండు లార్జులు. ఆ ఒక్క లార్జే 65 కిలోల మగమనిషిని 46 దాకా తీసుకెళ్తుంది, 50 కిలోల స్త్రీని 74కి చేరుస్తుంది. కడుపునిండా తిన్నాక తాగితే రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది, పై అంకె కొంత తగ్గుతుంది. ఖాళీ కడుపైతే అరగంట చాలు.

ఎక్కడం ఎంత వేగమో దిగడం అంత నెమ్మది. మిగతా మందుల్లో చాలావాటిని ఎక్కువ మింగితే లివరు ఎక్కువ వేగంగా కరిగిస్తుంది. ఆల్కహాల్ దగ్గర మాత్రం టోల్‌ప్లాజాలో ఒకే ఒక్క లైను తెరిచినట్టు ఉంటుంది వ్యవహారం. వెనక పది బండ్లున్నా వందున్నా గంటకి పోయేవి అన్నే. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, స్ట్రాంగ్ కాఫీ, తలస్నానం ఇవేవీ ఇంకో లైను తెరవలేవు. రాత్రి తొమ్మిదికి కూర్చుని క్వార్టరు (180 మిల్లీలీటర్లు), దాని మీద ఓ నైంటీ (90 మిల్లీలీటర్లు) వేసి పడుకున్న 65 కిలోల మనిషి, మర్నాడు పొద్దున ఏడింటికి లేచి ముఖం కడుక్కుని, టిఫిన్ తిని స్టీరింగ్ ముందు కూర్చుంటే రక్తంలో ఇంకా 55 దాకా ఉంటుంది. ‘రాత్రి తాగింది సార్’ అంటాడు. రాత్రిదే, కాదనం. పొద్దున పూట స్కూలు బస్సులు ఆపి డ్రైవర్ల చేత ఊదించేది అందుకే. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కేముందు పరీక్ష పెట్టేదీ అందుకే.

రక్తం కొలవడం వచ్చింది సరే, రోడ్డు మీద ప్రతివాడికీ సూది గుచ్చలేరు కదా. ఊపిరి సంగతి అక్కడ వచ్చింది. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీకి చెందిన రోలా హార్గర్ 1930ల్లో ‘డ్రంకోమీటర్’ చేశాడు. బెలూనులోకి ఊదించి, ఆ గాలిని రసాయనంలోకి పంపితే రంగు మారేది. 1954లో ఇండియానా రాష్ట్ర పోలీసు విభాగంలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టయిన్ దానికన్నా సులువుగా వాడగలిగే యంత్రం తయారుచేశాడు. బ్రెతలైజర్ అన్న పేరు దానిదే. ఊపిరితిత్తుల అడుగున రక్తమూ గాలీ సన్నటి పొర అవతల ఇవతల ఉంటాయి. రక్తంలో ఆల్కహాల్ ఎంతుంటే ఆ గాలిలోకి అంత లెక్కగా ఆవిరవుతుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉండే ఆల్కహాల్, ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నదానికి సమానం అని లెక్క. ఇప్పటి మిషన్లలో రంగుల గొడవ లేదు. ఆ ఆల్కహాల్ చిన్న ప్లాటినం రేకు మీద మండి కరెంటు పుట్టిస్తుంది, కరెంటు ఎంతో అంకె అంత.

కానిస్టేబుల్ ‘ఇంకా, ఇంకా’ అని సతాయించేది ఊరికే కాదన్నమాట. మొదట వచ్చేది నోట్లోదీ గొంతులోదీ అయిన గాలి. మిషన్‌కి కావలసింది అడుగు నుంచి వచ్చే చివరి ఊపిరి. లవంగాలు, యాలకులు, పాన్ నమిలితే పోయేది వాసనే, ఆ చివరి ఊపిరిలోని ఆల్కహాల్ కాదు. మిషన్‌కి ముక్కు లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ అప్పుడే పుక్కిలించిన మనిషి చుక్క తాగకపోయినా పెద్ద అంకె చూపిస్తాడు. పావుగంట ఆగితే నోట్లోది పోతుంది. నిజంగా తాగలేదనుకుంటే కాసేపాగి మళ్లీ ఊదుతానని అడగడంలో తప్పు లేదు.

కొలత చేతికొచ్చాక గీత ఎక్కడ గీయాలన్న గొడవ మొదలైంది. నార్వే 1936లో 50 మిల్లీగ్రాముల దగ్గర గీసింది, చట్టంలో అంకె రాసుకున్న మొదటి దేశం అదే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 1939లో 150 దగ్గర గీసింది. మూడు రెట్లు! బ్రిటన్ 1967 దాకా నాన్చి 80 అంది. అప్పటి రవాణా మంత్రి బార్బరా కాజిల్‌కి అసలు డ్రైవింగే రాదు, పబ్బుల వాళ్లు ఆమె మీద ఎగిరిపడ్డారు. అమెరికా రాష్ట్రాలు 150 నుంచి 100కి, 2005 నాటికి అన్నీ 80కి దిగాయి. యూటా రాష్ట్రం 2018 చివర్లో 50కి దిగింది. స్వీడన్ 1990లోనే 20కి వెళ్లిపోయింది. గీత ఎటు కదిలిందో చూడండి, కదిలిన చోటల్లా కిందికే.

మనం మాత్రం ఎదురు నడిచాం. 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో ‘ఎంత తక్కువ పరిమాణమైనా సరే’ రక్తంలో ఆల్కహాల్ ఉంటే నేరమే అని రాశారు. వినడానికి గట్టిగా ఉంది. ఆ మాటని పట్టుకుంటే కాస్త ఆల్కహాల్ ఉండే ఆయుర్వేద మందు ద్రాక్షారిష్టం పుచ్చుకుని స్కూటరెక్కిన తాతగారూ ముద్దాయే. 1994 సవరణలో ఆ వాక్యం తీసేసి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే నేరం అని పెట్టారు. బ్రీత్ అనలైజర్ పేరు అదే సెక్షన్‌లోకి ఎక్కింది. ముప్ఫై ఏళ్లుగా మన రోడ్ల మీద నడుస్తున్నది ఆ వాక్యమే. బ్రిటన్‌లో ఇంగ్లండు వాడి గీత ఇప్పటికీ 80. మనది అంతకన్నా చాలా కఠినం, కాగితం మీద.

అంకె ఒక్కటి గీసినంత మాత్రాన పెద్ద కేసులు తేలిక కాలేదు. 1999 జనవరిలో ఢిల్లీ లోధీ కాలనీలో బీఎండబ్ల్యూ కారు ఆరుగురి ప్రాణం తీసింది, అందులో ముగ్గురు పోలీసులు. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద పడుకున్న కూలీలు ఏడుగురు చనిపోయారు. మొదటి కేసులో డ్రైవరు రక్తంలో 115, రెండో కేసులో 112. క్వార్టరు సీసా 65 కిలోల మనిషిని తీసుకెళ్లే 138 కంటే తక్కువే. అయితే లోధీ కాలనీ కేసులో రక్తం తీసింది ప్రమాదమైన గంటల తర్వాత, స్టీరింగ్ ముందున్నప్పుడు ఇంకా ఎక్కువే ఉండాలి. రెండు తీర్పులూ సుప్రీంకోర్టు నుంచి 2012లోనే వచ్చాయి. ఇది వట్టి నిర్లక్ష్యం కాదు, హత్యకాని ప్రాణహరణం అంది కోర్టు. అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 304వ సెక్షన్ రెండో భాగం అది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 105. మన దగ్గర 2016 జూలైలో పంజాగుట్టలో తాగి నడిపిన కారు డివైడరు దాటి అవతలి కారు మీద పడి ఓ చిన్నపాప చనిపోయినప్పుడు, హైదరాబాదులో ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ.

2019 సవరణతో మొదటిసారి దొరికితే జరిమానా 2,000 నుంచి 10,000 అయింది, ఆరు నెలల దాకా జైలు. మళ్లీ దొరికితే 15,000, రెండేళ్లు. మిషన్ ఒక్కటే కాకుండా ల్యాబు పరీక్షా చెల్లుతుందని అప్పుడే చేర్చారు. నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది 2021 ఏప్రిల్‌లో ఓ ఇన్సూరెన్సు కేసులో సుప్రీంకోర్టు అన్నమాట. ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర గుద్దిన పోర్షే కారుకి డబ్బులిచ్చేది లేదంది ఇన్సూరెన్సు కంపెనీ. డ్రైవరుకి ఊపిరి పరీక్షా లేదు, రక్త పరీక్షా లేదు. అయినా చుట్టూ ఉన్న సాక్ష్యాన్ని బట్టి మత్తులోనే నడిపాడని తేలితే క్లెయిము ఇవ్వనక్కర్లేదంది కోర్టు. శిక్షకి అంకె కావాలి, పాలసీ డబ్బులకి వాసన, వాలకం చాలు. ‘స్టడీగానే ఉన్నా’ అనే వాదనకి ఇంకా చోటుందంటే అది ఇన్సూరెన్సు ఆఫీసులోనే.

బైకతను చివరికి ఫోన్ తీశాడు. తాగి దొరికాడన్న ఒక్క కారణంతో బండి సీజ్ చేయకూడదనీ, తాగని మనిషి లైసెన్సుతో వస్తే అతనికి అప్పగించాలనీ 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అరగంటకి బావమరిది ఆటోలో దిగాడు, లుంగీ మీద, నిద్రకళ్లతో. “ఏంది బావా ఇది” అన్నాడు. కానిస్టేబుల్ లైసెన్సు చూసి, మిషన్‌కి ఇంకో స్ట్రా తగిలించి అతని మూతి దగ్గర కూడా పెట్టాడు. ఊదాడు. సున్నా వచ్చాక తాళం ఇచ్చాడు.