దొరువు దగ్గర మొదలైన చదువు

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య దీవించి రాసేది.

పోయిన వేసవిలో సూర్యలంక ఒడ్డున నడుస్తుండగా, సముద్రం ఊళ్ల మీదికి వస్తుంటే విశ్వవిద్యాలయాల్లో ఇంతమంది చదువుకున్నవాళ్లు ఏం చేస్తున్నారని మీలో ఒకరు అడిగారు. అప్పుడు ఐస్‌క్రీం కొనిపెట్టి మాట దాటవేశాను. సరైన జవాబు చెప్పాలంటే మన ఇంటి వెనక పూడిపోయిన పాత దొరువు దగ్గర మొదలుపెట్టాలి.

బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో పడ్డ వాన కిందికి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి కంటే తేలిక కనుక దాని పైన ఒక పొరగా నిలుస్తుంది. ఈ మంచినీరు సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున ఉన్నచోట, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా దిగి ఉంటుందని శాస్త్రం చెప్పే లెక్క. దాన్నే తిరగేసి చూస్తే గుండె జారుతుంది: పైన ఒక అడుగు తరిగితే, కాలక్రమంలో కింద ఉప్పు 40 అడుగులు పైకి రాగలదు. మన పెద్దలకు ఈ లెక్క తెలియదు గానీ దాని ఫలితం తెలుసు. అందుకే లోతైన బావి జోలికి పోకుండా, వెడల్పుగా, తక్కువ లోతున గుంట తీసి, కుండలతో ముంచి మొక్కలకు పోసేవారు. ఆ గుంటే దొరువు. తరువాత ఇంజన్లు, బోర్లు వచ్చాయి. ఒకేచోట నుంచి గట్టిగా లాగేసరికి అడుగున ఉన్న ఉప్పు ఎగదన్నింది. మా నాన్నగారు వేయించిన బోరు నీళ్లు మూడో ఏటికే నోట పెట్టలేనంత ఉప్పగా మారాయి.

బాపట్లలో 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ ఉప్పునీటి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు దొరువును పాతకాలపు సంగతిగా కొట్టిపారేయలేదు. నడుమ ఒక బావి కట్టి, దానికి కలిపి ఇసుకలో తక్కువ లోతున రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరిచి, పైపొర నీరు మాత్రమే మెల్లగా ఊరి బావిలో చేరే ఏర్పాటు చేశారు. విశాలమైన మేర నుంచి కొద్దికొద్దిగా తీస్తారు కాబట్టి అడుగున ఉన్న ఉప్పు అంతగా కదలదు. కుండ పట్టిన చేతి నిదానాన్ని గొట్టాలకు నేర్పారన్నమాట.

కాగితాల్లో ‘విశ్వవిద్యాలయాల సామర్థ్యం పెంపు’ అని రాసినది చదివినప్పుడల్లా నాకు కొత్త భవనమూ, రిబ్బను కత్తిరించే ఫొటో కనబడతాయి. దొరువు అన్న మాట తెలిసిన మనిషి, నీటిలో ఉప్పును కొలిచే పరికరం, ఏటేటా అదే చోట కొలిచే ఓపిక, ఈ మూడూ ఒకచోట చేరితేనే నేను దాన్ని సామర్థ్యం అంటాను.

ఆ ఓపిక ఎందుకో కాకినాడ దగ్గరి తీర గ్రామం ఉప్పాడ చెబుతుంది. అక్కడ ఇళ్లు, గుళ్లు, రోడ్డు కడలిలో కలుస్తుంటే అందరమూ వాతావరణ మార్పు అనేస్తాం. అందులో నిజముంది, కానీ అది సగమే. గోదావరి తెచ్చే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులుండగా, ఈ శతాబ్దపు తొలి ఏళ్లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాది ఎక్కువగా ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. నదులు తెచ్చే మట్టి తగ్గితే తీరానికి తిండి తగ్గినట్టే. దశాబ్దాల కొలతలు, ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూసినవారికే ఇలాంటివి బోధపడతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కె. నాగేశ్వరరావు గారు, సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, సముద్రమట్టం 0.6 మీటరు పెరిగితే మన తీరంలో 43 శాతం అత్యంత ప్రమాదకర స్థితిలో పడుతుందనీ, 282 గ్రామాల్లో 12.9 లక్షలకు పైగా జనం నిలువనీడ కోల్పోవచ్చుననీ అంచనా వేశారు. కారణం సరిగ్గా తెలియకుండా కట్టిన గోడ ఒకచోట కోతను ఆపి పక్క ఊరికి తోసేయగలదు.

లోపాలూ చెప్పాలి. రెండేళ్ల ప్రాజెక్టు మీద వచ్చిన పిల్లవాడు శ్రద్ధగా బావులు కొలుస్తాడు, డబ్బు అయిపోగానే వెళ్లిపోతాడు. ఆ కొలతలు రాసిన పుస్తకం ఏ బీరువాలోనో ఉంటుంది. ఊరివాళ్లకు ఫలితం చెప్పేవారు ఉండరు, చెప్పినా ఇంగ్లీషులో చెబుతారు. అలలు ఎంత ఎత్తున లేస్తాయో, చేపలు ఎటువైపు దొరకవచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తీరప్రాంత భాషల్లో తెలియజేస్తోంది కదా, బావి నీటి సంగతి మాత్రం ఎందుకు చెప్పరాదు? చేపల వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలే ఈ శాస్త్రం చదివి, జీతం మీద తమ తీరంలోనే నిలిచి కొలిచే ఏర్పాటు ఉంటే ఆ పుస్తకం బీరువాకెక్కదు. ఇందుకు పెద్ద భవనాలు అక్కర్లేదని నా పట్టుదల; మీ నాయనమ్మ దీన్ని మొండితనం అంటుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక గళ్ల నోటుపుస్తకం తెచ్చుకోండి. ఉప్పు కొలిచే చిన్న మీటరు ఒకటి కొన్నాను. పక్క వీధివారి దొరువు ఇంకా బాగానే ఉంది. దానిలోనూ, మన పాత బోరులోనూ నీళ్లు కొలిచి తేదీ వేసి రాద్దాం. మళ్లీ మే నెలలో, వానలకు ముందు, అదే చోట కొలవాలి. అప్పుడు రాలేమని మాత్రం అనకండి.

మీ తాతయ్య