స్టాక్ తేడా వస్తే ముందు గుమస్తా వైపు చూడకండి

విజయవాడ వన్‌టౌన్‌లో, గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌లో కిరాణా కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం నా పని. నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "కంప్యూటర్లో ఉన్న సరుకు గోడౌన్లో లేదండీ, ఎవరో ఎత్తేస్తున్నారు."

అపోహ: కంప్యూటర్ చూపించే స్టాక్ తప్పు కాదు.

వాస్తవం: మనం కొట్టిన ఎంట్రీలను కూడి, తీసేసి చూపించడమే దాని పని. గోడౌన్లో ఏముందో దానికి తెలియదు.

ఒక షావుకారు రాత్రి తొమ్మిదిన్నరకు రమ్మన్నారు. బియ్యం 40 కిలోలు తక్కువ. నాలుగేళ్ల నుంచి పనిచేస్తున్న గుమస్తా కాటా పక్కన తల దించుకుని నిలబడ్డాడు. ఐటెం మాస్టర్, అంటే ఒక్కో సరుకు వివరాలు పెట్టుకునే పేజీ, తెరిచాను. బస్తా అంటే 26 కిలోలు అని ఉంది. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్‌టీ వేశాక 26 కిలోల బస్తాలు దిగాయి కదా, అప్పుడు పెట్టిన లెక్క అది. ఈసారి వేరే మిల్లు నుంచి 40 బస్తాలు వచ్చాయి. వాటిని అదే ఐటెంలో ఎక్కించారు. బస్తా మీద ముద్ర చూస్తే 25 కిలోలు. బస్తాకు కిలో చొప్పున తేడా అక్కడే తేలింది. షావుకారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కూర్చోరా, టీ తాగి వెళ్దువుగాని" అన్నారు.

అందుకే తేడా రాగానే ముందు బస్తా బరువు, ఎక్కించని పర్చేజ్ బిల్లులు, వాపసు పోయిన సరుకు చూడండి. ఆ తర్వాత లూజు. 50 కిలోల కందిపప్పును అరకిలో ప్యాకెట్లు కట్టేటప్పుడు ఒక్కోదానికి 5 గ్రాములు మొగ్గినా, నూరో ప్యాకెట్‌కు పప్పు చాలదు. అది దొంగతనం కాదు, చేతి తూకం. బాగా కదిలే పది ఐటెంలు వారానికోసారి కొట్టు కట్టేసే ముందు లెక్కపెట్టుకుంటే ఒకరి మీద నింద వేసే పరిస్థితి రాదు.

బార్‌కోడ్‌లో ధర ఉంటుందనేది ఇంకో అపోహ. కంపెనీ ప్యాకెట్ మీద ఉన్నది వస్తువు నంబరు మాత్రమే, ధర మన సిస్టంలో ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22న స్నానం సబ్బులకు జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గాక ఒకే బార్‌కోడ్‌కు రెండు ఎమ్మార్పీలు నడిచాయి. 890తో మొదలైతే మన దేశంలో తయారైనట్టేనన్నది కూడా పుకారే. అది బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా ఇచ్చిన నంబరని మాత్రమే అర్థం.

ఇక యూపీఐ. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్‌టీ నోటీసులు వచ్చాయని విని, గుంటూరు పట్నంబజార్‌లో ఒకావిడ టెన్షన్‌తో క్యూఆర్ స్టిక్కర్ పీకేశారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ టర్నోవర్‌లోకి నగదు అమ్మకాలూ వస్తాయి. మన రాష్ట్రంలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 40 లక్షలు. ఆమె చిట్టా ముందేసుకుని ఇద్దరం కూడాం. నగదు, యూపీఐ, పన్ను లేని సరుకు అన్నీ కలిపినా అందులో సగం కూడా దాటలేదు. కొత్త స్టిక్కర్ కోసం అక్కడి నుంచే బ్యాంకుకు ఫోన్ చేయించి వచ్చాను.