ఆర్చ్ లినక్స్: బ్రాడీపేటలో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తుంటాను, అడిగినవాళ్లకు విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసిపెడతాను. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, వాటిలో ఆర్చ్ ఒకటి. సెలవులొస్తే ఇంజనీరింగ్ పిల్లలు గుంపుగా వస్తారు, వాళ్లలో ఒక్కడైనా "అన్నా, ఆర్చ్ మనవల్ల కాదంటగా" అంటాడు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. దానికి కావలసింది ఒక సాయంత్రం తీరిక, చదివే ఓపిక, అంతే.

అపోహ: కోడింగ్ వస్తేనే ఆర్చ్ జోలికి పోవాలి.

వాస్తవం: ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క లైన్ ప్రోగ్రాం కూడా రాయక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఆన్ అవగానే తెరుచుకునే సెట్టింగుల్లో (బయోస్) సెక్యూర్ బూట్ ఆపి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే కమాండ్లు కొట్టే నల్ల తెర వస్తుంది, అక్కడ డిస్క్‌ని భాగాలుగా (పార్టిషన్లు) చేసి, వాటిని వాడకానికి కలిపి (మౌంట్ చేసి), ప్యాక్‌స్ట్రాప్ అనే కమాండ్‌తో ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు దింపి, సిస్టమ్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ పెట్టాలి. ప్రతి అడుగూ ఆర్చ్ వికీలో వరసగా ఉంటుంది, ఫోన్‌లో అది తెరిచి పక్కన పెట్టుకోండి. మావాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక్కచోటే. బేస్ (కనీస ప్యాకేజీలు), కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ), ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ని నడిపే ఫైళ్లు) మాత్రం దింపేసి రీస్టార్ట్ కొడతారు, లోపలికి వెళ్లి చూస్తే నెట్ ఉండదు, ఇక "అన్నా, వైఫై కార్డు పోయింది" అని పరుగెత్తుకొస్తారు. కార్డు పోలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న వైఫై సాధనం కొత్త సిస్టమ్‌లోకి దానంతటది రాదు, నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్యాకేజీని మనమే వేసి, ఆన్ చేయగానే దానంతటది మొదలయ్యేలా దాని సర్వీసుని ఎనేబుల్ చేయాలి. ఆర్చ్ తీరే అది, మీరు అడగనిది ఏదీ పెట్టదు.

అపోహ: కమాండ్లన్నీ చేత్తో కొట్టకపోతే అది ఆర్చే కాదు.

వాస్తవం: ఇది బాగా ముదిరినవాళ్ల నోట వింటాను. కెనడాకి చెందిన జడ్ వినెట్ 2002 మార్చిలో ఆర్చ్‌ని విడుదల చేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు దానికి మెనూలతో నడిచే ఇన్‌స్టాలర్ ఉండేది, 2012లో తీసేశారు. 2021 నుంచి ఆర్చ్‌ఇన్‌స్టాల్ అనే సాధనం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే అధికారిక ఐఎస్‌ఓ ఫైల్‌లోనే వస్తోంది, అడిగిన ప్రశ్నలకు జవాబిస్తే ఇన్‌స్టాల్ అదే చేసిపెడుతుంది. కాబట్టి అది వాడినంత మాత్రాన తక్కువైపోయేది ఏమీ లేదు. అయినా మొదటిసారి మాత్రం చేత్తోనే చేయమంటాను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

అపోహ: అప్‌డేట్ కొడితే ఆర్చ్ ఎప్పుడోకప్పుడు పోతుంది.

వాస్తవం: ఆర్చ్‌లో పెద్ద వెర్షన్లు ఉండవు, కొత్తవి వచ్చినవి వచ్చినట్టు దిగుతూ ఉంటాయి, దాన్నే రోలింగ్ రిలీజ్ అంటారు. నా దగ్గరికి వచ్చిన "పోయిన" సిస్టమ్‌లలో ఎక్కువ శాతం అప్‌డేట్ వల్ల పోలేదు, అప్‌డేట్‌ని అరకొరగా చేయడం వల్ల పోయాయి. ప్యాకేజీలు వేసే, అప్‌డేట్ చేసే ప్యాక్‌మన్ అనే కమాండ్‌కి పెద్ద ఎస్, చిన్న వై (జాబితా కొత్తది తెస్తుంది), చిన్న యు (సిస్టమ్ మొత్తాన్ని అప్‌డేట్ చేస్తుంది) మూడూ కలిపి ఇవ్వాలి. యు వదిలేసి, జాబితా మాత్రం కొత్తది తెచ్చుకుని ఒక్క ప్యాకేజీ వేస్తే ఆ ప్యాకేజీ కొత్త లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే ఫైల్) అడుగుతుంది, మిగతా సిస్టమ్ పాతదాని మీద ఉంటుంది, రెండింటికీ పొసగదు. ఇలా చేయడాన్ని ఆర్చ్ సమర్థించదని వికీలో స్పష్టంగా రాసే ఉంది.

రెండో కారణం మన ఊరి సమస్య. మొన్న ఎండాకాలం ఒక కుర్రాడు, బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్, ఛార్జర్ మీదే నడుస్తోంది, కెర్నల్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే బూట్ అవ్వలేదు. ఏడుపు మొహంతో వచ్చాడు, మూడేళ్ల ప్రాజెక్టులన్నీ పోయాయని ఒకటే టెన్షన్. ఫైళ్లకేమీ కాలేదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పార్టిషన్లు మౌంట్ చేసి, ఆర్చ్-క్రూట్ అనే కమాండ్‌తో డిస్క్‌లోని సిస్టమ్ లోపలికెళ్లి, ఆగిపోయిన ప్యాక్‌మన్ వదిలేసిన లాక్ ఫైల్ తీసేసి, అప్‌డేట్ పూర్తి చేసి కెర్నల్ మళ్లీ వేశాం, అరగంట పట్టింది. గమనించారా, ఇవి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చేసిన పనులే. చేత్తో ఒకసారి చేసినవాడికి ఇది కొత్తగా ఉండదు. అప్‌డేట్‌కి ముందు ఆర్చ్ సైట్‌లో న్యూస్ చూడండి, ఎక్కువకాలం నిలకడగా ఉండే ఎల్‌టీఎస్ కెర్నల్ కూడా పక్కన వేసి ఉంచుకోండి, ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఉన్నప్పుడే అప్‌డేట్ కొట్టండి.

అపోహ: ఏయూఆర్‌లో ఉన్నవన్నీ ఆర్చ్ వాళ్లు ఇచ్చినవే, భయం లేదు.

వాస్తవం: కాదు. ఏయూఆర్ అంటే వాడేవాళ్లే ప్యాకేజీలు పెట్టే చోటు, అక్కడ అకౌంట్ తెరిచిన ఎవరైనా పెట్టొచ్చు. 2025 జులై 16న ఫైర్‌ఫాక్స్, లిబ్రెవుల్ఫ్, జెన్ బ్రౌజర్ల పేర్లు తగిలించుకుని మూడు ప్యాకేజీలు ఎక్కాయి, వాటిలో కంప్యూటర్‌ని దూరం నుంచి చేతుల్లోకి తీసుకునే మాల్‌వేర్ ఉంది. 18న తొలగించారు. ఈలోగా వేసుకున్నవాళ్ల సంగతి ఆలోచించండి. ప్యాకేజీని ఎలా తయారు చేయాలో చెప్పే పీకేజీబిల్డ్ ఫైల్ చిన్నదే, తెరిచి డౌన్‌లోడ్ ఎక్కడ్నుంచి అవుతోందో చూడండి. అది చదవకుండా వేసుకోవడాన్ని నేను ఒప్పుకోను.

అపోహ: ఆర్చ్ వేస్తే పాత ల్యాప్‌టాప్ కొత్తదైపోతుంది.

వాస్తవం: 32-బిట్ ప్రాసెసర్ ఉన్న బాగా పాత మెషీన్లకు ఆర్చ్ 2017లోనే సపోర్ట్ ఆపేసింది. ఆర్చ్ నడవడానికి 512 ఎంబీ ర్యామ్ చాలు, ఇన్‌స్టాల్ చేయడానికి ఇంకాస్త ఎక్కువ కావాలి, కానీ బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఏ సిస్టమైనా ఆయాసపడుతుంది. ముందు హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి.

అపోహ: తెలుగు రాదు, అన్నీ డబ్బాలే కనిపిస్తాయి.

వాస్తవం: ఫాంట్ లేకపోతే డబ్బాలే. నోటో ఫాంట్ల ప్యాకేజీ ఒక్కటి వేస్తే ఒత్తులతో సహా చక్కగా వస్తుంది, కీబోర్డు లేఅవుట్లలో తెలుగు ముందే ఉంది. డెస్క్‌టాప్ వేయకముందు కనిపించే నల్ల కన్సోల్‌లో మాత్రం తెలుగు రాదు, అక్కడ ఇంగ్లిష్ లొకేల్ (భాష సెట్టింగ్) పెట్టుకోండి.

అపోహ: ఇంత మంచిదైతే అందరూ వేసుకోవాలి.

వాస్తవం: మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్టున్న ఒకాయన తన కంప్యూటర్‌లో వేయమని అడిగాడు, కొడుకు చెప్పాడట. ఆయన లెక్కలన్నీ విండోస్‌లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, సీజన్‌లో ఒక్క పూట ఆగినా రైతులకు బిల్లులు ఇవ్వలేడు. వద్దండీ అని చెప్పి విండోస్ అలాగే ఉంచాను, డేటా బ్యాకప్ తీసుకునే పద్ధతి నేర్పాను. ఆర్చ్‌ని కొడుకు ల్యాప్‌టాప్‌లో వేశాం, కమాండ్లన్నీ ఆ అబ్బాయే కొట్టాడు, నేను పక్కన కూర్చున్నాను.